ఈగ కుట్టని మచ్చ

మా అత్తవారింట్లో ఒంటి మీద ఎర్రగా ఏది లేచినా ఎవరూ కంగారు పడరు. తేనెటీగల కొంప మరి. పొద్దున లేచేసరికి ఒకరికి కన్ను పూడుకుపోయి ఉంటుంది, ఇంకొకరికి చిటికెనవేలు బొటనవేలంత లావై ఉంటుంది. "ఎక్కడ కుట్టింది?" అని అడుగుతారు, "చెవి మీద" అని చెబుతారు, ఆ సంగతి అక్కడితో సరి. నేను దర్జీ ఇంటి పిల్లని. పెళ్ళయ్యేదాకా నన్ను కుట్టింది సూది ఒక్కటే. కొత్తలో మొదటి ఈగ కుట్టినప్పుడు నా మొహం ఉబ్బిన తీరు చూసి మా మామయ్య నాకు బెలూన్ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ నేను బెలూన్‌నే. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు నాలుక చివర వేళాకోళం. మా ఇద్దరికీ క్షణం పడదని చుట్టాలంతా అనుకునేవాళ్ళు. ఎంత పడేదో ఆ పూతకాలం దాకా నాకూ తెలియదు.

ఆ ఏడు మేం ఎప్పుడూ ఈగల పెట్టెలు దించే తోటలో పురుగుమందు కొట్టేశారు. మందు కొట్టిన పూత మీదికి ఈగల్ని వదలడమంటే చేతులారా చంపుకోవడమే. మామయ్య ఎక్కడెక్కడో తిరిగి అడవి అంచున ఒక బీడు చూసి వచ్చారు. నడుము లోతు గడ్డి, దాని వెనక కొండ వాలంతా తెల్లటి పూత. బీడు పక్కన రెండు గదుల పాత ఇల్లు, ముందు చెక్కలు పరిచిన వసారా. తెల్లారగానే జింకలు గుంపుగా వచ్చి పెట్టెల మధ్య మేసి పోయేవి. మా బుడ్డది, అంటే నా కూతురు, వాటిని చూసి చప్పట్లు కొట్టేది.

నాకు మాత్రం ఆ చోటు దిగిన రోజే నచ్చలేదు. గాలి లేకపోయినా గడ్డి కదిలేది. మా కుక్క అందులోకి దూరి వచ్చి, వసారాలో కూచుని, ఇల్లంతా వినబడేలా గోక్కునేది. చెవి వెనక వెంట్రుకలు పాయ తీసి చూస్తే పిడుదులు. కొన్ని గసగసాలంత ఉన్నాయి, రక్తం తాగినవి బఠాణీ గింజల్లా ఉబ్బి ఉన్నాయి.

"చూశావా, దీన్ని ఎలా పీల్చేస్తున్నాయో," అన్నాను మా ఆయనతో.

"గడ్డన్నాక పిడుదులుండవా? పీకి పారేస్తే సరి," అన్నాడు. ఆయనకు ప్రతిదీ పారేస్తే సరే.

పెట్టెల వరసకు ఇవతల నేను కాలితో ఒక గీటు గీసుకున్నాను. అది దాటి నేను వెళ్ళను, బుడ్డదాన్ని వెళ్ళనివ్వను. ఆ పిల్లను అంతవరకు ఒక్క ఈగ కూడా కుట్టలేదు. "ఈగ కుట్టని మనవరాలా? బయట చెప్పకండి, పరువు పోతుంది," అని మామయ్య వెక్కిరించేవారు.

ఆ గీటు ఇవతల నిలబడే నేను ఆయన పని చూసేదాన్ని. ముఖానికి తెర కట్టుకోరు, చేతులకు తొడుగులు వేసుకోరు, ఈగల్ని మత్తుగా ఉంచే పొగడబ్బా ముట్టుకోరు. పెట్టె మూత తీసి, తుట్టె కట్టిన ఫ్రేము పైకెత్తి, దాని మీద గుమిగూడిన ఈగల మీద మెల్లగా ఊదుతారు. ఆ ఊపిరికి అవి రెండు పక్కలకీ జరిగి దారి ఇస్తాయి, అడుగున తేనె గదులు కనిపిస్తాయి. మా ఆయన ఊదితే ఈగలు ఒక్కసారిగా లేచి మీద పడతాయి. "ఊదడమంటే తిట్టడం కాదురా, బతిమాలడం," అనేవారు మామయ్య. అందర్నీ అంతగా వెక్కిరించే మనిషి ఈగల్ని మాత్రం అంత మర్యాదగా బతిమాలేవారు.

ఒక సాయంత్రం ఆయన వసారా మెట్టు దగ్గర పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకుని కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను వెనక ఆరేసిన బట్టలు తీస్తున్నాను. ఎడమ మోకాలి వెనక అరచేతంత ఎర్రటి మచ్చ కనిపించింది. అంచు ఎర్రగా ఉంది, లోపల తేరిపోయి ఉంది, సరిగ్గా నడుమ ఒక చుక్క.

"అదేంటి మామయ్యా, మోకాలి వెనక?"

"ఏముంటుంది, ఈగ."

"ఈగకి అక్కడేం పని?"

"దాన్నే అడుగు."

"దురదగా ఉందా?"

"లేదు."

"నొప్పి?"

"లేదమ్మా. అసలు నువ్వు చెప్పేదాకా అక్కడేదో ఉందని కూడా తెలియదు."

"నొప్పి లేకుండా, దురద లేకుండా ఇంత మచ్చ వేసే ఈగని నేనెక్కడా చూళ్ళేదు. నన్ను కుట్టినప్పుడల్లా గోక్కోలేక చస్తాను."

"అందరూ నీలాగే ఉబ్బుతారేంటి బెలూనూ," అని ఆయన నీళ్ళ చెంబు బోర్లించి లేచారు.

లోపల్నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "అక్కడే కదా మొన్నామధ్య పిడుదు పట్టుకుంది. అగ్గిపుల్ల గీసి అంటించాను, ఊడి పడింది. దాని తాలూకు మచ్చయి ఉంటుందిలే."

తర్వాత ఇంకోసారి చూశాను. మామయ్య కాళ్ళు చాపుకుని బోర్లా పడుకుని ఉన్నారు. మచ్చ తగ్గలేదు. మోకాలి మడత దాటి పిక్క మీదికి దిగింది, చిన్న పళ్ళెమంత అయింది. ఈగ కుట్టింది పూట పూటకీ తగ్గుతుంది. ఇది పూట పూటకీ పెరుగుతోంది. అదే మాట చెప్పి డాక్టరుకు చూపించమన్నాను.

"ఈగల వాడు మచ్చ చూపించుకోడానికి వచ్చాడంటే డాక్టరు పడీ పడీ నవ్వుతాడు," అన్నారు. "పూత అవనీ, చూద్దాం."

పూత అవలేదు గానీ జ్వరం వచ్చింది. ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు, మెడ తిప్పలేకపోవడం, మోకాలు పట్టెయ్యడం. వానలో తడిసినందుకని అత్తయ్య తేల్చేసింది. మోకాలి నొప్పికి వాళ్ళింట్లో తరతరాలుగా ఒకటే వైద్యం. ఈగను చిన్న పట్టకారుతో రెక్కల దగ్గర పట్టుకుని, నొప్పి ఉన్నచోట ఆనిస్తారు. అది కుట్టి చచ్చిపోతుంది. ఆ మంటకు ఈ నొప్పి పోతుందని వాళ్ళ నమ్మకం. ఆయన మంచం మీద కూచున్నారు, అత్తయ్య సీసాలో ఈగలు పట్టుకొచ్చింది.

"ఆ మచ్చ మీద మాత్రం కుట్టించకండి అత్తయ్యా. అదేంటో తెలియకుండా దాని మీద ఇంకోటా?"

"నొప్పున్నది అక్కడే కదమ్మాయ్. పక్కింటాయన మోకాలికి కుట్టించమంటావా?"

ఒకదాని తర్వాత ఒకటి కుట్టించారు. మోకాలు చుట్టూ అంతా ఎర్రగా ఉబ్బిపోయింది. ఆ ఎరుపులో వలయం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "చూడు, ఇప్పుడంతా ఒకటే రంగు. నీ మచ్చ పోయింది," అని మామయ్య నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది పోలేదు, కప్పేశారు. అత్తయ్య చేతిలోంచి పట్టకారు లాక్కుని గూట్లోకి విసిరికొట్టాను. ఆ పూటా మర్నాడూ ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు, బుడ్డది తప్ప.

జ్వరం దానంతటదే తగ్గింది. మామయ్య మళ్ళీ పెట్టెల దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టారు. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, పెట్టె మీద చెయ్యి వేసి నిలబడేవారు. ఏమని అడిగితే ఎండ అనేవారు. మబ్బు పట్టిన రోజు కూడా ఎండే అన్నారు.

ఒక ఉదయం టీ పట్టుకుని నా గీటు దగ్గర నిలబడ్డాను. ఆయన ఫ్రేము పైకి తీసి ఊదారు. ఈగలు కదల్లేదు. మళ్ళీ ఊదారు. గాలి పెదవి ఎడమ మూల నుంచి జారిపోయింది, ఆ పక్క బుగ్గ ఊరికే ఊగింది. ఆయన కాసేపు ఈగల వంకే చూసి, ఫ్రేము మెల్లగా పెట్టెలో దించి, మూత పెట్టి వచ్చారు.

"ఇవాళ నా మాట వినట్లేదు," అన్నారు. ఆ మాట ముద్దగా వచ్చింది. గ్లాసు అందుకుని తాగబోతే టీ మూతి పక్కనుంచి కారి చొక్కా మీద పడింది. ఎడమ కన్ను రెప్ప వెయ్యలేదు.

"టీ బాగుందమ్మా," అన్నారు.

నేను గ్లాసు తీసుకుని ఇంట్లోకి నడిచి, మా ఆయన్ని బండి తియ్యమన్నాను.

దారి పొడుగునా మా ఆయన పక్షవాతం, పక్షవాతం అని గొణుక్కుంటూనే నడిపాడు. ఊళ్ళో ఆస్పత్రి చిన్నదే. డాక్టరమ్మ మామయ్యను కనుబొమలు పైకెత్తమంది. నుదురు కుడివైపే ముడతలు పడింది, ఎడమవైపు ఇస్త్రీ చేసినట్టు ఉండిపోయింది. ఆవిడ తన రెండు చేతులూ ఇచ్చి గట్టిగా పిసకమంది. ఆయన పిసికిన పిసుకుడికి ఆవిడే చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇది పక్షవాతంలా లేదు. ముఖం నరం ఒక్కటే పడిపోయింది," అంది. తర్వాత నాడి పట్టుకుని గడియారం వంక చూసింది. చూస్తూనే ఉంది. నర్సును పిలిచి ఆయన ఛాతీకి తీగలు పెట్టించింది. మిషనులోంచి కాగితం బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఈమధ్య ఒంటి మీద మచ్చ ఏమైనా వచ్చిందా? పురుగేమైనా పట్టిందా?"

మామయ్య సగం మూతితో నవ్వారు. "తేనెటీగల వాళ్ళమమ్మా. మచ్చలు లేనిదెప్పుడు?"

ఆవిడ మోకాలు చూసింది. ఈగలు కుట్టిన గుర్తులే కనిపించాయి. నేనిక ఆగలేకపోయాను. పిడుదు సంగతి, అగ్గిపుల్ల సంగతి, మచ్చ సంగతి మొదట్నుంచీ చెప్పాను.

"నడుమ తేరిపోయి చుట్టూ ఎర్రగా ఉందా?" అని అడిగింది.

"ఉంది. మొదట అరచేతంత, తర్వాత పళ్ళెమంత. నొప్పి లేదు, దురద లేదు."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పిడుదు కుట్టాక అలా పెరిగే మచ్చ కనిపిస్తే రక్తపరీక్ష కోసం కూడా ఆగం. వెంటనే మాత్రలు మొదలుపెడతాం, చాలామందికి దాంతోనే తగ్గిపోతుంది. ఈయనకి ఆ దశ దాటిపోయింది. ముఖం నరానికి పాకింది, గుండెకి కూడా పాకింది. గుండెలో పైగది నుంచి కిందగదికి కబురు సరిగ్గా అందట్లేదు, అందుకే అంత నెమ్మదిగా కొట్టుకుంటోంది. నరంలోకి మందెక్కించాలి. నాడి కుదుటపడేదాకా ఈ మిషను పక్కనుంచి కదలకూడదు."

"కదిలితే?" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడైనా ఆగిపోవచ్చు," అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక ఆవిడ నన్నొక్కదాన్నే ఆపింది. ఇంట్లో అందరి ఒళ్ళూ రోజూ వెతకమంది. చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో. పిడుదు కనిపిస్తే అగ్గిపుల్ల వద్దు, నూనె వద్దు. సన్న మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగమంది. "మర్నాడు అక్కడ కాస్త ఎర్రబడితే భయపడకు, అది మామూలు దద్దురు. రోజులు గడిచేకొద్దీ పెరిగితే మాత్రం పరిగెత్తుకుని రా."

మామయ్యను ఆస్పత్రిలో చేర్చి ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే వసారాలో వెలుతురుండగా అందర్నీ నిలబెట్టాను. మా ఆయన సిగ్గుపడి చొక్కా విప్పాడు. ఏమీ లేదు. బుడ్డది చక్కిలిగింతలు అంటూ మెలికలు తిరిగింది. గౌను వెనక బొత్తాలు తీసి చూస్తే, వీపు మీద కుడి భుజం కింద, దాని చెయ్యి అందనిచోట, బూడిదరంగు గింజ ఒకటి అతుక్కుని ఉంది. వేలితో తాకితే సన్నగా కాళ్ళు కదిపింది.

అత్తయ్య చెయ్యి అలవాటుగా అగ్గిపెట్టె మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. గూట్లో వెతికి, నేను విసిరికొట్టిన పట్టకారు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కదలకు బంగారూ," అని పిల్ల వీపు పట్టుకుని, చర్మానికి ఆనించి, మెల్లగా పైకి లాగాను. ఊడి వచ్చింది. కడిగి, అక్కడున్న కాసింత ఎరుపు చుట్టూ పెన్నుతో గీటు గీశాను. మాది గీటు పెట్టి చూసుకునే వంశం. కత్తిరించేటప్పుడు గుడ్డ జరిగిందో లేదో మా నాన్న సుద్దగీటు పెట్టి అలాగే చెప్పేవాడు.

అక్కణ్ణుంచి నా బతుకంతా ఆ గీటు చుట్టూనే తిరిగింది. పొద్దున లేవగానే దాని గౌను ఎత్తి చూడడం, స్నానంలో చెరిగితే మళ్ళీ గియ్యడం. మొదట్లో ఎరుపు తగ్గిపోయింది కూడా. అత్తయ్య మామయ్యకి తోడుగా ఆస్పత్రిలో ఉంది, మా ఆయన పెట్టెలతో తిప్పలు పడుతూ మొహమంతా ఉబ్బించుకుని వస్తున్నాడు. కొండ మీద పూత విరగబూసింది. చూడ్డానికి పండగలా ఉంది గానీ నాకు ఆ తెలుపు చూస్తేనే భయం వేసేది. గడ్డిలో ఏ చప్పుడైనా పిల్లని చంకనెత్తుకునేదాన్ని.

ఒక ఉదయం ఎరుపు గీటు దాటింది. పిల్లకి నొప్పి లేదు, దురద లేదు, బొమ్మతో ఆడుకుంటోంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, దాన్ని ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరాను.

వెళ్ళేసరికి అక్కడ ఇంకో గొడవ. మామయ్య తీగలు పీకేసుకుని, చొక్కా వేసుకుని, మంచం అంచున కూచుని ఉన్నారు. అత్తయ్య ఆయన చెప్పుల్లో ఒకటి గుండెలకు ఆనించుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆ చెప్పు ఇటివ్వవే," అంటున్నారాయన.

"చంపినా ఇవ్వను."

డాక్టరమ్మ ఎంతో ఓపిగ్గా చెబుతోంది. "నాడి బాగుపడుతున్న మాట నిజమే. కానీ మధ్యమధ్యలో ఇంకా జారిపోతోంది. దారిలో జారితే నేను చేసేదేమీ ఉండదు."

"నాకు బాగానే ఉందమ్మా. పెట్టెలు నిండిపోయి ఉంటాయి. మావాడికి ఊదడం రాదు. పూత నాకోసం ఆగదు." మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి గానీ మొండితనం మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు. "పుట్టిన దగ్గర్నుంచీ ఈగలు కుడుతూనే ఉన్నాయి. ఈగ నన్నేమీ చెయ్యదు."

ఆయనతో వాదించి గెలిచిన వాళ్ళని నేనెరగను. పిల్లని దించి, వెనక్కి తిప్పి, గౌను బొత్తాలు తీశాను.

"మామయ్యా, దీన్ని ఈగ కుట్టిందా?"

ఆయన వంగి చూశారు. రెప్ప పడని కన్ను నీరు కారుతుంటే చేత్తో తుడుచుకుని మళ్ళీ చూశారు.

"దీన్నెప్పుడూ ఈగ కుట్టలేదు కదా," అన్నారు.

"లేదు."

పెన్ను గీటు మీద వేలు పెట్టారు. అక్కణ్ణుంచి ఎర్రటి అంచు దాకా వేలు జరిపి, ఆ అంచు చుట్టూ తిప్పారు.

"దురదగా ఉందా తల్లీ?"

"లేదు తాతా."

"నొప్పిగా ఉందా?"

"ఊహూఁ."

ఆయన మచ్చ మోకాలి వెనక వచ్చింది. ఇంట్లో మేమందరం చూశాం గానీ ఆయన ఒక్కరే ఎప్పుడూ చూడలేదు.

"నాకూ ఇలాగే వచ్చిందా అమ్మా?"

"అచ్చం ఇలాగే మామయ్యా."

ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకున్నారు. మంచం మీద వెనక్కి వాలి, చెయ్యి చాపి, డాక్టరమ్మతో, "ముందు దానికి మందివ్వండి," అన్నారు. అత్తయ్య చెప్పు కింద పడేసి గోడ వైపు తిరిగి ఏడ్చింది.

బుడ్డదానికి రోజూ తాగే మందు ఇచ్చారు. వలయం లేత గులాబీరంగుకి దిగి, ఒకరోజు వెతికినా కనిపించకుండా పోయింది. అయినా డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ ఒక్క చుక్క మానకుండా పోశాను. మామయ్యకి మందెక్కించడం అయ్యేసరికి నాడి దారిలో పడింది. ముఖం మాత్రం అలాగే ఉంది. నెలలు పట్టచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు అన్నారు.

ఆయన ఇంటికి వచ్చేసరికి పూత రాలిపోతోంది. ఆ చోట ఇంక ఒక్క రోజు కూడా వద్దన్నారు. లారీ వచ్చింది. ఎక్కించే ముందు చివరి పెట్టె చూడాలని ఆయన కర్రకి ఆనుకుని వెళ్ళారు. నేను గీటు దగ్గర ఆగాను. ఆయన ఫ్రేము ఎత్తి, మొహం దగ్గరికి తెచ్చుకుని, ఊదకుండానే నిలబడిపోయారు. ఆ వీపు అంత చిన్నదిగా నేనెప్పుడూ చూడలేదు.

"బెలూనూ," అని పిలిచారు. మాట సగమే వచ్చింది. "ఇలా రా."

గీటు దాటాను. ఫ్రేము నా ముందు పట్టుకున్నారు.

"ఊదు."

"నేనా? కుడతాయి మామయ్యా."

"కుడితే కుట్టనీ. తిట్టకు, బతిమాలు."

ఊదాను. ఈగలు కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, రెండు పక్కలకీ జరిగాయి. అడుగున తేనె మెరిసింది. సరిగ్గా అప్పుడే ఒకటి వచ్చి నా మణికట్టు మీద కుట్టింది. కెవ్వున అరిచాను. ఆయన గబుక్కున ఫ్రేము దించి, కర్ర కింద పడేసి, నా చెయ్యి పట్టుకుని ఎండకి తిప్పి చూశారు. వెనక గడ్డి ఊరికే కదులుతోంది.

"నొప్పిగా ఉందా?"

"ప్రాణం పోతోంది."

"దురద?"

"అప్పుడే మొదలైంది మామయ్యా."

"అమ్మయ్య," అన్నారు.